ఫోక్స్‌వ్యాగన్‌కి "గట్టి బండి" అన్న పేరు ఎలా వచ్చింది, ఎక్కడ పోయింది?

#1 గేర్‌బాక్స్_గోపి

మన వేదికలో ఈ గొడవ ఎప్పటికీ తెగేలా లేదు. ఒకరేమో "జర్మన్ బండి, డోర్ వేసినప్పుడు వచ్చే చప్పుడు వింటే చాలు" అంటారు. ఇంకొకరు "స్పేర్లు కొనాలంటే పొలం అమ్ముకోవాలి" అంటారు. రెండూ నిజమే కాబట్టి ఎవరూ తగ్గరు.

నా లెక్క వేరు. ఈ కంపెనీకి పేరు తెచ్చింది ఇంజను కాదు. బండి ఎక్కడ అమ్మితే అక్కడ స్పేరు, అది బిగించే మెకానిక్, ఎంత గట్టిగా బిగించాలో అంకెతో చెప్పే పుస్తకం, ఈ మూడూ ముందు పెట్టి తర్వాత బండి పంపారు. పేరు పోయింది కూడా ఆ పుస్తకంలో రాయనిదేదో బండిలో పెట్టినప్పుడే. కాదనేవాళ్లు కాదనండి, కానీ అంకెలతో కాదనండి. "మా బాబాయి వెంటో" కథలు వేరే చర్చలో పెట్టుకుందాం.

చరిత్ర తెలిసినవాళ్లు మొదలుపెట్టండి. కంపెనీ తొలి కారు బీటిల్ పని మస్తాన్ భాయ్ చెప్పాలి, పేరు పోగొట్టిన 2015 డీజిల్ గొడవ ల్యాబ్_కోటు గారికి వదిలేస్తున్నా.

#2 జర్మనీ_జానకి

పుట్టుక దగ్గరే చిక్కుంది గోపి గారూ. 1937 మే 28న బెర్లిన్‌లో ఈ కంపెనీ పెట్టింది వ్యాపారులు కాదు, నాజీల కార్మిక సంస్థ. కారు గీసింది ఫెర్డినాండ్ పోర్షే. మరుసటి ఏడాది మే 26న ఫాలర్స్‌లేబెన్ దగ్గర ఫ్యాక్టరీకి హిట్లర్ శంకుస్థాపన చేశాడు. అప్పటికి దాని పేరు బీటిల్ కాదు, కేడీఎఫ్ కారు ("ఆనందంతో బలం" అన్న నాజీ నినాదానికి పొట్టి పేరు). ధర 990 రైష్‌మార్కులు.

అమ్మిన పద్ధతి మన చిట్‌ఫండ్‌కి తలకిందులు. వారానికి కనీసం 5 మార్కుల స్టాంపు కొని పుస్తకంలో అతికించాలి. పుస్తకాలు నిండాకే కారు. మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి రాదు, పొదుపు మీద వడ్డీ లేదు. సుమారు 3 లక్షల 36 వేల మంది కట్టారు. వాళ్లలో ఒక్కరికీ కారు అందలేదు. యుద్ధం రాగానే ఫ్యాక్టరీ సైన్యానికి క్యూబెల్‌వాగన్లు అనే జీపుల్లాంటి బళ్లు చేసింది, పొదుపు సొమ్ము బెర్లిన్ బ్యాంకులో ఉండి రష్యన్ల చేతికి పోయింది. కట్టినవాళ్లు యుద్ధం తర్వాత ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 1961లో రాజీ కుదిరింది. పూర్తిగా కట్టినవాళ్లకి కొత్త కారు మీద 600 మార్కుల వరకు తగ్గింపు, కారు వద్దంటే చేతికి 100 మార్కులు.

అంటే నమ్మి కట్టినవాళ్లకి మొండిచెయ్యి చూపించడంతో మొదలైన కంపెనీ ఇది. నమ్మకం అనే పేరు తర్వాత వచ్చింది.

#3 చరిత్ర_చందు

జానకి గారు సగం దగ్గర ఆపారు. యుద్ధకాలంలో ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది బలవంతపు కూలీలు. పోలాండ్, సోవియట్ దేశం, ఫ్రాన్స్ మనుషులు, యుద్ధఖైదీలు, కాన్సంట్రేషన్ క్యాంపుల ఖైదీలు. మొత్తం మీద 20 వేల మంది దాకా. కూలి తల్లుల దగ్గర్నుంచి పసిపిల్లల్ని లాక్కుని రూహెన్ అనే ఊళ్లో పెట్టారు. అక్కడ 300 మందికి పైగా పసిబిడ్డలు చనిపోయారు. బాధ్యుడైన ఫ్యాక్టరీ డాక్టర్‌ని బ్రిటిష్ కోర్టు విచారించి 1947లో ఉరి తీసింది.

కంపెనీ ఈ చరిత్ర రాయించడానికి హాన్స్ మోమ్‌సెన్ అనే చరిత్రకారుడిని పెట్టుకున్నది 1986లో, ఫలితం అచ్చయింది 1996లో. కూలీల కోసం 2 కోట్ల మార్కుల నిధి పెట్టింది 1998లో. అప్పటికి చాలామంది పోయారు. బ్రెజిల్‌లో సైనిక పాలన రోజుల్లో సొంత కార్మికుల వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు పరిహారం ఒప్పుకున్నది 2020లో. ఒప్పుకోవడంలో ఆలస్యం ఈ కంపెనీకి పాత అలవాటే. గోపి గారు డీజిల్ దగ్గర పేరు పోయిందంటున్నారు గాని, ఆ అలవాటు అంతకుముందు నుంచీ ఉంది.

#4 ఓరుగల్లు_టార్క్

మరి యుద్ధంల ఓడిపోయిండ్రు గదా, ఫ్యాక్టరీని బ్రిటిష్‌వాళ్లు పీక్కపోలేదా? జర్మనీల మస్తు మిషన్లు గట్లనే పోయినయ్ అంటరు.

#5 జర్మనీ_జానకి

పీకి పంపే జాబితాలోనే ఉండింది. అడ్డుపడింది ఐవాన్ హర్స్ట్ అనే బ్రిటిష్ మేజర్, సైన్యంలో మెకానికల్ ఇంజనీరు. 1945 ఆగస్టులో వచ్చాడు. అప్పుడు బ్రిటిష్ సైన్యానికి తిరగడానికి బళ్లు లేవు. ఫ్యాక్టరీలో మిగిలిన ఒక కారుకి సైన్యం రంగు వేయించి పై అధికారులకి చూపించాడు, 20 వేల కార్లకి ఆర్డరు వచ్చింది. ఆర్డరు చేతిలో ఉన్న ఫ్యాక్టరీని ఎవరు కూలుస్తారు? బ్రిటన్ కార్ల కంపెనీలు వచ్చి చూసి, ఇది ఎవరూ కొనని కారని పెదవి విరిచి వెళ్లిపోయాయి.

నాణ్యత తనిఖీ విభాగం, కొనుగోలుదారుల సర్వీసు విభాగం పెట్టించింది హర్స్ట్ కాలంలోనే. గోపి గారి లెక్కకి ఇది బలం. 1948 జనవరిలో హైన్రిష్ నార్డాఫ్ వచ్చాడు. అంతకుముందు ఓపెల్‌లో చేసినవాడు, బీటిల్ అంటే పెద్ద మోజు లేనివాడు. కొత్త మోడల్ గీయించకుండా ఉన్నదాన్నే ఏటేటా సవరించాడు. స్పేర్ల గోడౌనూ, శిక్షణ పొందిన మెకానిక్కూ లేని దేశానికి బళ్లు పంపొద్దని పట్టుబట్టాడు. 1955 ఆగస్టులో పది లక్షలో కారు బయటికొచ్చింది. 1972 ఫిబ్రవరి 17న ఫోర్డ్ మోడల్ టీ లెక్క, 1 కోటి 50 లక్షల 7 వేల 33, దాటేసింది. ఆఖరి బీటిల్ మెక్సికోలోని పుయెబ్లాలో 2003 జులై 30న తయారైంది. మొత్తం 2 కోట్ల 15 లక్షల 29 వేల 464.

#6 షెడ్డు_మస్తాన్

ఇక ఇంజను సంగతికి రండి. పాత బీటిల్ చేతిలో ఉన్నవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు, హైదరాబాద్‌లో ఉన్నారు, కోనసీమలో కూడా ఉన్నారు. గాలితో చల్లబడే ఇంజను, నీళ్లు లేవు, రేడియేటరు లేదు. అందుకే "ఏం పట్టించుకోనక్కర్లేదు" అనుకుంటారు. అసలు తప్పు అక్కడే. ఈ ఇంజనుకి నీళ్ల బదులు ఆయిలూ గాలీ ఉన్నాయి, ఈ రెంటినీ పట్టించుకోకపోతే కాలిపోద్ది.

టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదలాల్సిన సందు. ఇంజను రాత్రంతా చల్లారాలి, చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. 1200 నుంచి 1600 సీసీ దాకా వెనకటి ఇంజన్లకి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెంటికీ గ్యాప్ 0.15 మిల్లీమీటర్లు. బాగా పాత 30 హార్స్‌పవర్ ఇంజనుకి 0.10, ఇంజను నంబరు చూసి పుస్తకం ప్రకారం పెట్టండి. ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రోటార్ ముల్లు అంచు మీది గాటుకి ఎదురుగా వచ్చేట్టు పుల్లీ తిప్పితే 1వ సిలిండరు పైన ఉన్నట్టు. అది సెట్ చేసి పుల్లీని వెనక్కి, అంటే గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో, సరిగ్గా అర చుట్టు తిప్పితే 2. మళ్లీ అర చుట్టు 3, మళ్లీ 4. ఫైరింగ్ వరస 1-4-3-2 కాబట్టి వెనక్కి తిప్పితే 1-2-3-4 వరసలో వస్తాయి. తికమక ఉండదు.

ఇప్పుడు 3వ సిలిండరు. ఎడమ పక్క ముందుది, ముందు అంటే బండి ముక్కు వైపు. 1970 దాకా వచ్చిన ఇంజన్లలో ఆయిల్ కూలరు ఫ్యాన్ డబ్బా లోపల నిలబడి ఉంటుంది, దాని వేడి తిన్న గాలి తిన్నగా 3 మీదికే పోతుంది. అందుకే ఎగ్జాస్ట్ వాల్వు విరిగేది ఎక్కువగా అక్కడే. కంపెనీకి ఈ సంగతి తెలుసు, చాలా డిస్ట్రిబ్యూటర్లలో 3కి నిప్పు కొంచెం ఆలస్యంగా పడేట్టు చెక్కి పంపింది. 1971 మోడల్ నుంచి కూలర్‌ని పక్కకి జరిపి దానికి వేరే గాలి దారి ఇచ్చారు. గుర్తు పెట్టుకోవాల్సింది ఏమిటంటే, 3 ఎగ్జాస్ట్ గ్యాప్ ప్రతి సర్వీసుకీ తగ్గిపోయి కనిపిస్తుంటే వాల్వు కాడ సాగుతోంది, లేదా సీటులోకి దిగబడుతోంది. మళ్లీ 0.15 పెట్టి పంపేస్తే ఈసారి వాల్వు తల ఊడి పిస్టన్ మీద పడుద్ది. హెడ్డు దించాల్సిందే.

ఆయిల్ రెండున్నర లీటర్లు, అంతే. ఫిల్టరు లేదు, కింద జాలీ ఉంటుంది. జాలీకి పైన ఒక ప్యాకింగు, కింద ఒక ప్యాకింగు, ఆరు చిన్న నట్లు, ఒక్కోదానికి రాగి వాషరు. ఆ నట్లు 7 న్యూటన్ మీటర్లకి మించకూడదు. అంటే పొట్టి పానా వేసి రెండు వేళ్లతో తిప్పినంత. కారుతోంది కదా అని ఇంకొంచెం బిగిస్తే కేసులోంచి స్టడ్డే ఊడొస్తుంది, అది మెగ్నీషియం కేసు. కారుడు ఆగకపోతే వాషర్లు మార్చండి, బలం పెట్టొద్దు. 5,000 కిలోమీటర్లకి ఆయిల్ మార్చాలి, పొదుపు చూపించేది ఇక్కడ కాదు.

ఫ్యాన్ బెల్ట్ తెగితే డాష్ మీద డైనమో లైటు ఎర్రగా వెలుగుద్ది. వేరే కార్లలో "బ్యాటరీ చార్జి కావట్లేదు, ఇంటికెళ్లి చూద్దాం" అనుకుంటాం. దీంట్లో కూలింగ్ ఫ్యాన్ ఆ డైనమో ఇరుసు మీదే ఉంది. లైటు వెలిగిన చోటే బండి ఆపాలి. బెల్ట్ బిగువు పుల్లీ రెండు పలకల మధ్య ఉండే పల్చటి షిమ్‌లతో పెడతారు: వదులైతే మధ్యలోంచి ఒకటి తీసి బయట పెట్టాలి, పారేయకూడదు. బొటనవేలితో నొక్కితే 15 మిల్లీమీటర్లు దిగాలి.

#7 ఓరుగల్లు_టార్క్

మస్తాన్ భాయ్, మస్తు చెప్పినవ్. ఎనక చక్రం నట్టు సంగతి గూడ జెర చెప్పు. మా దిక్కు 36 పానా దొరుకుతలేదని సుత్తి, ఛెన్ని పెట్టి కొడుతుండ్రు.

#8 షెడ్డు_మస్తాన్

అన్నా, సుత్తితో కొట్టిన నట్టు ఎంత బిగిసిందో బ్రహ్మకి కూడా తెలీదు. దాని లెక్క 217 ఫుట్‌పౌండ్లు, మన కొలతలో 294 న్యూటన్ మీటర్లు. మామూలు టార్క్ రెంచి, అంటే బిగువు కొలిచే పానా, అక్కడిదాకా పోదు, ముప్పావు అంగుళం డ్రైవ్‌ది కావాలి. లేకపోతే ఒక మీటరు పైపు వేసి 30 కిలోల బరువు చివర నిలిపితే దాదాపు అంతే వస్తుంది.

బండి నేల మీద ఉండగా వదులు చేయాలి, జాకీ మీద కాదు. బిగించాక పిన్ను పెట్టే కన్నం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి, వెనక్కి తిప్పి కలపకూడదు. వదులుగా వదిలేస్తే డ్రమ్ము లోపలి పళ్లు అరిగిపోతాయి. ఫ్లైవీలుని పట్టే నట్టుకి కూడా 36 పానాయే, అది 253 ఫుట్‌పౌండ్లు. ఒకే పానా కదా అని ఒకే బిగువు పెట్టొద్దు.

ఇంకోటి, గాలి. ముందు చక్రాలకి 16 నుంచి 18, వెనక 24 నుంచి 27. పెట్రోలు బంకుల్లో నాలుగింటికీ 30 కొట్టేస్తారు. బరువంతా వెనకే, పాత బళ్లకి స్వింగ్ యాక్సిల్, మలుపులో వెనక చక్రం కిందికి ముడుచుకుంటుంది. ముందూ వెనకా ఒకే గాలి ఉంటే తోక తిరగడం ఖాయం.

#9 స్పేర్స్_సుబ్బారావు

గోపి గారి "స్పేర్లే పేరు తెచ్చాయి" అన్న మాటకి నా వంతు. ఫోక్స్‌వ్యాగన్ పార్టు నంబరు చదవడం వస్తే కౌంటరులో ఎవరూ మోసం చెయ్యలేరు. మూడు, మూడు, మూడు అంకెలు, చివర అక్షరం. మొదటి మూడు ఏ బండికి లేక ఏ ఇంజనుకి గీశారో చెప్తాయి: 113 బీటిల్, 6ఆర్0 మన దగ్గర అమ్మిన పోలో. నడిమి మూడింట్లో మొదటి అంకె విభాగం: 1 ఇంజను, 2 పెట్రోలు ట్యాంకూ సైలెన్సరూ, 3 గేర్‌బాక్సు, 4 ముందు యాక్సిల్, 5 వెనక యాక్సిల్, 6 చక్రాలూ బ్రేకులూ, 7 పెడళ్లూ లివర్లూ, 8 బాడీ, 9 కరెంటు. ఉదాహరణకి 06ఏ 115 561 బీ. 115 అంటే ఇంజను ఆయిల్ తాలూకు, 561 ఫిల్టరు. ఎక్కడైనా 698 151 కనిపిస్తే ముందు బ్రేకు ప్యాడ్ల సెట్టు, 698 451 అయితే వెనకవి.

చివరి అక్షరం సవరణ. బీ తర్వాత సీ వచ్చిందంటే ఏదో మార్చారు. చాలాసార్లు కొత్త అక్షరం పాతదానికి బదులు వస్తుంది, పాతది కొత్తదానికి బదులు రాకపోవచ్చు. ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ల దగ్గర జాగ్రత్త, అక్షరం తేడా ఉంటే కోడింగు కుదరక లైట్లు వెలుగుతూ ఉంటాయి. స్కోడా, ఆడీ, ఫోక్స్‌వ్యాగన్ మూడింటికీ ఒకే నంబరు పద్ధతి కాబట్టి, ఫోక్స్‌వ్యాగన్ కౌంటరులో లేని స్పేరుని అదే నంబరుతో స్కోడా కౌంటరులో అడగండి. ధర కూడా ఒక్కోసారి తేడా ఉంటుంది.

సరదాకి ఒకటి: 199 398 500 ఏ అనే ఒరిజినల్ పార్టు తినొచ్చు. వోల్ఫ్స్‌బర్గ్ (ఫాలర్స్‌లేబెన్ దగ్గర ఫ్యాక్టరీ ఉన్న ఊరి ఇప్పటి పేరు) ఫ్యాక్టరీ సొంత వంటశాలలో 1973 నుంచి చేస్తున్న సాసేజీ అది. కొన్ని ఏళ్లలో ఆ బ్రాండు కార్లకంటే సాసేజీలే ఎక్కువ అమ్ముడయ్యాయి.

#10 గాజువాక_93

సాసేజీ సరే గానండి, మా విశాఖ ఫ్యాక్టరీ ఏటయిందో ఎవరూ రాయరేటి?

#11 చరిత్ర_చందు

రాద్దాం. 2005లో ఫోక్స్‌వ్యాగన్ విశాఖపట్నంలో ఫ్యాక్టరీ పెడుతుందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గట్టిగా నమ్మింది. ఆ ప్రాజెక్టు మాదేనని చెప్పుకున్న వశిష్ట వాహన్ అనే కంపెనీ ఖాతాకి సుమారు 11 కోట్ల రూపాయలు కట్టింది. తర్వాత ఫోక్స్‌వ్యాగన్ ఆ కంపెనీతో మాకు సంబంధం లేదని చెప్పింది. అసెంబ్లీ అట్టుడికింది, కేసు సీబీఐకి వెళ్లింది.

చాలామందికి తెలియనిది దీని జర్మనీ వైపు. అదే ఏడాది ఆ గ్రూపులోనే పెద్ద అవినీతి బయటపడింది: స్కోడాలో ఉన్న ఒక పెద్ద అధికారి డొల్ల కంపెనీలతో సొంత వ్యాపారాలు నడిపించాడన్న ఆరోపణ, దాని వెంట కార్మిక ప్రతినిధుల్ని కంపెనీ డబ్బుతో విలాసాల్లో ముంచిన వ్యవహారం. సిబ్బంది వ్యవహారాల డైరెక్టరు పీటర్ హార్ట్స్ 2005 జులైలో రాజీనామా చేశాడు. 2007 జనవరిలో నేరం ఒప్పుకున్నాడు, రెండేళ్ల జైలుశిక్ష అమలు నిలిపివేతతో పాటు 5 లక్షల 76 వేల యూరోల జరిమానా పడింది. విశాఖ వ్యవహారం ఆ తీగకి మన వైపు చివర.

ఫ్యాక్టరీ పుణె దగ్గర చకన్‌కి పోయింది. 2006 నవంబరులో మహారాష్ట్రతో ఒప్పందం, 2009 మార్చిలో ప్రారంభం, 2010లో పోలో అమ్మకానికి వచ్చింది.

#12 గాజువాక_93

అదీ సంగతి. ధన్యవాదాలండి.

#13 గోల్ఫ్_వంశీ

నేను గోపి గారితో విభేదిస్తున్నా. సర్వీసూ, టార్క్ అంకెలూ సరే, అవే కంపెనీని ముంచబోయాయి కూడా. ఉన్నదాన్నే సవరిస్తూ పోవడం వల్ల 1960ల చివరికి చేతిలో గాలి ఇంజను తప్ప ఇంకేమీ లేదు. అమెరికాలో 1968లో 4 లక్షలకి పైగా బీటిళ్లు అమ్మినవాళ్లు, డాలరు పడిపోయి, జపాన్ కార్లు వచ్చి, పెట్రోలు ధర ఎగిరేసరికి 1974లో 80 కోట్ల మార్కులకి పైగా నష్టం చూశారు.

బతికించింది కొనుక్కున్న కంపెనీల బుర్ర. 1965లో డైమ్లర్ దగ్గర ఆటో యూనియన్ అనే కార్ల కంపెనీని కొనడం మొదలుపెట్టారు, ఆడీ పేరు అట్లా వచ్చింది. 1969లో ఎన్‌ఎస్‌యూ అనే ఇంకో జర్మన్ కంపెనీని దాంట్లో కలిపారు. 1973 పాసాట్ అసలు ఆడీ 80యే, వెనక భాగం మార్చారు. 1974 గోల్ఫ్ ఆకారం ఇటలీ డిజైనర్ జుజారోది. నీళ్ల ఇంజను అడ్డంగా ముందు పెట్టి ముందు చక్రాలే తిప్పే పద్ధతి, నార్డాఫ్ నమ్మినదానికి పూర్తిగా వ్యతిరేకం. 1976లో గోల్ఫ్ జీటీఐ, 110 హార్స్‌పవర్, 5 వేలు అమ్ముడైతే చాలనుకుని వదిలారు. పేరు సర్వీసు తెచ్చి ఉండొచ్చు, కంపెనీని నిలబెట్టింది ఇంజనీర్లే.

#14 గేర్‌బాక్స్_గోపి

వంశీ, నిలబెట్టడం వేరు, పేరు వేరు. గోల్ఫ్ మొదటిరోజునుంచే అమ్ముడవడానికి ఆ డీలర్లూ ఆ షెడ్లూ ముందే ఉండటం కారణం కాదా? 1960లో అమెరికా పత్రికల్లో వాళ్లు వేసిన ప్రకటన గుర్తుచేసుకో. గ్లవ్ బాక్సు మీది క్రోమ్ పట్టీకి మచ్చ ఉందని వెనక్కి పంపిన కారు బొమ్మ వేసి, వోల్ఫ్స్‌బర్గ్‌లో 3,389 మంది తనిఖీదారులున్నారని రాశారు. అమ్మింది ఇంజనుని కాదు, తనిఖీని. అందుకే 2015 అంత గట్టిగా తగిలింది. తనిఖీ పేరు చెప్పి పైకొచ్చినవాడు తనిఖీలోనే దొంగతనం చేశాడు.

#15 ల్యాబ్_కోటు

నా వంతు. "సాఫ్ట్‌వేర్‌తో మోసం చేశారు" అని అందరూ అంటారు, ఏం చేశారో చెప్పేవాళ్లు తక్కువ.

డీజిల్ ఇంజనులో వేడి ఎక్కువైతే గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. తగ్గించాలంటే పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపాలి, ఈజీఆర్ చేసేది అదే. మంట చల్లబడుతుంది కానీ మసి పెరుగుతుంది, ఫిల్టరు త్వరగా నిండుతుంది, లాగుడు తగ్గుతుంది. ఒకటి తగ్గిస్తే ఇంకొకటి పెరిగే తక్కెడ ఇది. యూరో 5లో డీజిల్ కారుకి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకి 0.18 గ్రాములు. అమెరికాలో మైలుకి 0.07, అంటే కిలోమీటరుకి సుమారు 0.043. నాలుగో వంతు. యూరియా ట్యాంకు (పొగలోని ఆ ఆక్సైడ్లని విడగొట్టే ద్రవం ఉండేది) లేకుండా చిన్న కార్లలో అది చేస్తామని 2008లో అమెరికా మార్కెట్‌లో "శుభ్రమైన డీజిల్" అని దిగారు.

ఆ డీజిల్ కార్లలోని ఈఏ189 ఇంజను కంప్యూటరులో రెండు పటాలు, అంటే ఇంజను ఎలా నడవాలో చెప్పే లెక్కల పట్టికలు, పెట్టారు. పరీక్ష రోలర్ల మీద బండి వేగం ముందే రాసిపెట్టిన గీతని అనుసరిస్తుంది, స్టీరింగు తిరగదు. స్టీరింగు కోణం, వేగం, ఇంజను నడిచిన సమయం, గాలి పీడనం కలిపి చూసి "ఇది పరీక్ష" అనుకుంటే మొదటి పటం: ఈజీఆర్ పూర్తిగా, అంతా నిబంధన ప్రకారం. రోడ్డెక్కగానే రెండో పటం. నైట్రోజన్ ఆక్సైడ్లు కొన్ని పరిస్థితుల్లో పరిమితికి 40 రెట్ల దాకా. కంపెనీ లోపల దీన్ని ఇంజను శబ్దం తగ్గించే ఏర్పాటు పేరుతో పిలిచేవారు.

పట్టుకున్నది పోలీసులు కాదు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచే యంత్రాన్ని డిక్కీలో పెట్టి రోడ్డు మీద నడిపారు. జెట్టా 15 నుంచి 35 రెట్లు చూపింది, పాసాట్ 5 నుంచి 20. అదే రోడ్డు మీద బీఎండబ్ల్యూ దాదాపు పరిమితిలోనే ఉంది. అంటే యంత్రం తప్పు కాదు. ఫలితం 2014లో వచ్చింది, ఏడాదికి పైగా కంపెనీ సాకులు చెప్పింది, 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది. ఐదు రోజుల్లో అధిపతి వింటర్‌కార్న్ రాజీనామా. ప్రపంచం మొత్తం మీద 1 కోటి 10 లక్షల బళ్లు.

#16 ఓరుగల్లు_టార్క్

మన దగ్గర లిమిట్ అంత గట్టిగ లేకుండె గదా, మనకేం సంబంధం?

#17 ల్యాబ్_కోటు

అప్పటి బీఎస్ 4లో డీజిల్ కారుకి 0.25 గ్రాములు. వదులే. అయినా ఆ ఇంజన్లు ఇక్కడా అమ్మారు, 1.2, 1.5, 1.6, 2.0 లీటర్ల రకాల్లో. 2015 డిసెంబరులో గ్రూపు 3 లక్షల 23 వేలకి పైగా బళ్లని సరిచేస్తామని ప్రకటించింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది, సుప్రీంకోర్టు ఆ చర్యని నిలిపివేసింది. అమెరికాలో ఓనర్ల దగ్గర కార్లు వెనక్కి కొన్నారు, 1,470 కోట్ల డాలర్ల ఒప్పందం. ఇక్కడ ఓనరుకి దక్కింది సాఫ్ట్‌వేర్ అప్‌డేటే.

రిపేరు ఇట్లా: 2.0 లీటరుకి సాఫ్ట్‌వేర్ మాత్రమే. యూరప్‌లో 1.6కి సాఫ్ట్‌వేర్‌తో పాటు గాలి కొలిచే సెన్సారు ముందు ఒక జాలీ గొట్టం పెట్టారు, గాలి సుడులు తిరగకుండా వస్తే కొలత సరిగా ఉంటుందని. అప్‌డేట్ తర్వాత ఈజీఆర్ ఎక్కువ పని చేస్తుంది కాబట్టి ఈజీఆర్ వాల్వుకి మసి పట్టడం, కింది గేర్లలో జర్కు, చాలా దేశాల్లో ఓనర్లు ఫిర్యాదు చేశారు. సెకండ్‌హ్యాండ్ డీజిల్ కొనేవాళ్లు ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటరులో అప్‌డేట్ అయిందో లేదో అడగండి. అయిన బండి అయితే వారానికి ఒకసారైనా హైవే మీద ఇరవై నిమిషాలు 2,000 ఆర్‌పీఎం పైన నడపాలి. ఊళ్లోనే తిరిగితే ఈజీఆర్ పట్టేస్తుంది.

#18 మోడరేటర్

చర్చ బాగుంది. పార్టీల పేర్లతో విశాఖ గొడవ లాగిన మూడు పోస్టులు తీసేశాను.

#19 కొనబోయే_కిరణ్

పెద్దలందరికీ నమస్కారం. డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు) ఉన్న పాత పోలో చూస్తున్నాను. "మెకట్రానిక్ పోతుంది" అని అందరూ భయపెడుతున్నారు. ఎందుకు పోతుంది, ముందే ఎలా తెలుస్తుంది?

#20 డీఎస్‌జీ_డాక్టర్

కిరణ్ గారూ, మీరు చూసేది 7 గేర్ల డీక్యూ200. పొడి క్లచ్‌లు రెండు, 250 న్యూటన్ మీటర్ల వరకే. బేసి గేర్లు ఒక క్లచ్ మీద, సరి గేర్లూ రివర్సూ ఇంకో దాని మీద. అందుకే లోపం వచ్చినప్పుడు కొన్ని గేర్లే పోతాయి. 2, 4, 6తో పాటు రివర్స్ కూడా పోయిందంటే రెండో క్లచ్ వైపు సమస్య.

మెకట్రానిక్ అంటే పంపు, వాల్వులు, కంప్యూటరు ఒకే పెట్టెలో. పెట్టెకి సొంతంగా లీటరు ఆయిల్, గేర్లకి వేరే 1.7 లీటర్లు, రెండూ కలవవు. పీడనం దాచుకునే డబ్బా ఒకటి అల్యూమినియం ఒంట్లోకి మరతో బిగించి ఉంటుంది. పంపు నింపుతుంది, గేరు మారినప్పుడల్లా ఖాళీ అవుతుంది, ఇలా లక్షలసార్లు. చివరికి ఆ మర చుట్టూ అల్యూమినియం పగులుతుంది, ఆయిల్ కారుతుంది, పంపు ఆగకుండా తిరుగుతుంది. స్కానరులో పీ17బీఎఫ్ లేదా పీ189సీ వస్తే అదే. ఆయిల్ పోసి పంపిస్తే నెలలో మళ్లీ వస్తారు. ఒళ్లు మార్చాలి, లేదా బలపరిచిన రిపేరు కిట్టు వేయించాలి. మొత్తం పెట్టె మార్చడమే దారి అన్నవాళ్ల మాట నమ్మేముందు ఇంకో చోట అడగండి.

దీనికి ముందు ఇంకో జబ్బు ఉండేది. సింథటిక్ గేరు ఆయిల్ వల్ల ఎలక్ట్రానిక్స్‌లో షార్టు వచ్చేది, ఫ్యూజు పోయి బండి న్యూట్రల్‌లో పడేది. 2013లో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల బళ్లకి ఆ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోశారు. 2013కి ముందు బండి అయితే ఆ పని జరిగిన కాగితం అడగండి.

క్లచ్ సంగతి. పొడి క్లచ్ కాబట్టి వేడి పోయే దారి లేదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలు కొంచెం వదిలి అంగుళం అంగుళం పాకితే అది హాఫ్ క్లచ్‌తో నడపడమే. ముందు బండికి రెండు కార్ల జాగా వచ్చేదాకా ఆగి, అప్పుడు వదిలి ఒకేసారి జరగండి. ఫ్లైఓవరు ఎక్కుడులో యాక్సిలరేటరుతో బండిని నిలబెట్టొద్దు, బ్రేకు తొక్కండి.

చూడటానికి వెళ్లినప్పుడు: చల్లారిన బండి స్టార్ట్ చేయమనండి, వాళ్లు ముందే వేడి చేసి పెడితే ఇంకోరోజు రండి. తలుపు తీయగానే పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్యిమని ఆగాలి. ఆగకుండా మళ్లీ మళ్లీ గుయ్యిమంటే పీడనం నిలవట్లేదు. డీ లోంచి ఆర్ కి, ఆర్ లోంచి డీ కి ఐదారుసార్లు మార్చండి, తగులుకోవడానికి ఆలస్యం కాకూడదు. 1 నుంచి 2కి, 2 నుంచి 3కి తొక్కీ తొక్కనట్టు నడపండి, వణుకు వస్తే క్లచ్. మాన్యువల్‌లో పెట్టి ఏడు గేర్లూ విడివిడిగా చూడండి. ఆఖరున స్కానరు పెట్టించి పాత కోడ్లు చదివించండి. అన్నీ తుడిచేసి ఒక్కటీ లేకపోతే అది కూడా అనుమానించాల్సిన విషయమే.

#21 కొనబోయే_కిరణ్

చాలా థ్యాంక్స్ సార్. డీక్యూ200 కాకుండా వేరేది దొరికితే?

#22 డీఎస్‌జీ_డాక్టర్

6 గేర్ల డీక్యూ250 తడి క్లచ్ (ఆయిల్‌లో తిరిగేది), 350 న్యూటన్ మీటర్లు తట్టుకుంటుంది, పెద్ద బళ్లలో వస్తుంది. దానికి ఉన్న ఒకే షరతు, ప్రతి 60 వేల కిలోమీటర్లకి ఫిల్టరు, ఆయిల్ మార్చాలి. లోపల 7 లీటర్లు ఉంటాయి, మార్చినప్పుడు 5 లీటర్ల పైన పడతాయి. లెవెల్ 35 నుంచి 45 డిగ్రీల వేడిలోనే చూడాలి, ఇంజను నడుస్తుండగా. బిల్లులో ఆయిల్ మూడు లీటర్లే రాసి ఉంటే ఆ బండి వదిలేయండి.